ఒక్క నకలునే నమ్ముకుంటే ముప్పే!

పెన్‌డ్రైవ్, మెమొరీ కార్డు, హార్డ్ డిస్క్: దేనిలో ఏది దాచుకోవాలి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: 2024 జూలై 21, ఆదివారం రాత్రి. మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు చెలరేగి భూములకు సంబంధించిన ఫైళ్లు పెద్దసంఖ్యలో కాలిపోయాయి. మరునాడే రాష్ట్ర పోలీసు డైరెక్టర్ జనరల్ వచ్చి చూసి వెళ్లారు. తర్వాత కేసును సీఐడీకి అప్పగించారు. నిప్పు ఎలా రాజుకుందన్నది దర్యాప్తుకు సంబంధించిన సంగతి. ఆ గదిలో తన భూమి కాగితం ఉన్న రైతుకు మాత్రం అంతకంటే ముందు తేలవలసినది మరొకటి ఉంది. ఆ కాగితానికి నకలు ఇంకో చోట ఉన్నదా, లేదా?

తహసీల్దారు కార్యాలయంలోనో, కలెక్టరేట్‌లోనో, కంప్యూటరులోనో మరో ప్రతి ఉంటే ఫైలును తిరిగి తయారు చేసుకోవచ్చు. లేకుంటే రైతే తన బీరువా వెతుక్కోవాలి. అందులోనూ లేకుంటే ఇక చెప్పేదేముంది!

సర్కారు కార్యాలయానికి వచ్చిన ఈ కష్టం ఇంటింటికీ వచ్చేదే. ఒకప్పుడు పల్లెలో దాచుకోవలసినవంటే పట్టా, పాసుపుస్తకం, క్రయపత్రం, జాతకం, రెండు మూడు ఫొటోలు. అవన్నీ ట్రంకుపెట్టెలో ఒక మూల పట్టేవి. ఇప్పుడు పిల్ల పెళ్లి వీడియో, పోయిన పెద్దాయన ఆఖరి ఫొటో, పిల్లవాడి మార్కుల జాబితా, పాడి లెక్కలు, సుగుటూరు గంగమ్మ జాతరలో తీసిన వీడియో అన్నీ వేలెడు కూడా లేని ప్లాస్టిక్ ముక్కల్లోకి చేరాయి. ఆ ముక్క పాడైతే పోయేది వస్తువు కాదు. అందులో ఉన్నది మళ్లీ సంతలో దొరకదు.

మూడు పట్టణాల్లోని ఫొటో స్టూడియోల్లో, జిరాక్సు దుకాణాల్లో, సెల్‌ఫోన్ అంగళ్లలో జనం తరచూ అడిగే ప్రశ్న ఒకటే. పెన్‌డ్రైవ్ తీసుకోవాలా, హార్డ్ డిస్క్ తీసుకోవాలా? దీనికి జవాబు తెలియాలంటే ఏది ఎలా పనిచేస్తుందో కొంత తెలుసుకోవడం అవసరం.

రాగిరేకుల నాటి మాట

దాచుకోవాలన్న తపన కొత్తదేమీ కాదు. తాళ్లపాక అన్నమాచార్యులు 32 వేల సంకీర్తనలు రచించారని ప్రతీతి. వాటిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. తాటాకును చెద తింటుంది, కాగితం చినుకు పడితే నానుతుంది. రాగిరేకు వాటిని తట్టుకున్నందువల్లే వందల ఏళ్ల తర్వాత 20వ శతాబ్దంలో ఆ పాటలు తిరిగి జనం నోటికి వచ్చాయి. అయినా ఇప్పుడు దొరుకుతున్నవి 12 వేల పైచిలుకు మాత్రమే. రేకు గట్టిదైనా, నకలు లేనిచోట పోయినది పోయినట్టే.

మదనపల్లెకూ ఇలాంటి కథ ఒకటి ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేశారు. జనగణమన గీతాన్ని ఇక్కడే ఇంగ్లీషులోకి అనువదించారు. కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ సతీమణి మార్గరెట్ కజిన్స్ ఆ పాట వరుసను సంగీత లిపిలో కాగితంపై పెట్టారు. పాట గాలిలో కలిసిపోకుండా కాగితానికి ఎక్కినందువల్లే మదనపల్లె పేరు ఆ చరిత్రలో నిలిచింది.

గదంత డిస్క్ నుంచి గోరంత కార్డు దాకా

ప్రపంచంలో మొదటి హార్డ్ డిస్క్ యంత్రాన్ని ఐబీఎం కంపెనీ 1956లో అమెరికాలో విడుదల చేసింది. దాని బరువు టన్నుకు పైమాటే. రెండడుగుల వెడల్పు ఉండే పళ్లేలు 50 ఒకదానిపై ఒకటి అమర్చి ఉండేవి. ఇంతా చేసి అందులో పట్టేది సుమారు 5 ఎంబీ. ఈనాటి సెల్‌ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటోకే అది సరిపోతుంది.

తర్వాత 1971లో ఫ్లాపీ వచ్చింది. కార్యాలయాల్లో కంప్యూటరు కొత్తగా అడుగుపెట్టిన రోజుల్లో నల్లటి చదరపు ఫ్లాపీలను పెట్టెల్లో పెట్టి తాళం వేసేవారు. చివరి రకం ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. తేమ తగిలినా, అయస్కాంతం దగ్గరికి వచ్చినా చెడిపోయేది. జపాన్‌లో సోనీ కంపెనీ 2011లో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. కంప్యూటరు తెరపై 'సేవ్' గుర్తుగా మాత్రం నేటికీ ఫ్లాపీ బొమ్మే కనిపించడం విశేషం.

పెళ్లిళ్ల సంగతి తీసుకుంటే 1990లలో వీడియో క్యాసెట్టు రాజ్యమేలింది. తర్వాత సీడీ, ఆపై డీవీడీ వచ్చాయి. సీడీలో 700 ఎంబీ, డీవీడీలో 4.7 జీబీ పడుతుంది. ఆ క్యాసెట్లు అనేక ఇళ్లలో ఇంకా అటకపై ఉన్నాయి. వాటిని ఆడించే వీసీఆర్ యంత్రాల తయారీని మిగిలిన ఆఖరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జూలైతో ముగించింది. సీడీలదీ అదే దారి. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి సీడీ పెట్టే అరే లేదు. సరుకు బాగున్నా, దాన్ని చదివే యంత్రం లేకుంటే అది లేనట్టే లెక్క. ఇది ఎవరూ మరువరాని సంగతి.

కుప్పం ప్రాంతానికి ఈ విషయంలో ముందే అనుభవం ఉంది. హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2002లో కుప్పంలో 'ఐ-కమ్యూనిటీ' పథకాన్ని ప్రారంభించాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. స్వయం సహాయక సంఘాల మహిళలు కొందరికి డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో నడిచే ప్రింటర్లు ఇచ్చి ఫొటోగ్రాఫర్లుగా తీర్చిదిద్దారు. కరెంటు లేని పల్లెలో, రీలు లేకుండా, అక్కడికక్కడే ఫొటో తీసి చేతికిచ్చారు. రీలు కెమెరాలో ఫొటో పోయినా నెగెటివ్ మిగిలేది. డిజిటల్ కెమెరా వచ్చాక ఆ నెగెటివ్ లేదు. ఉన్నదల్లా కార్డులోని ఫైలే. ఆ కార్డును ఖాళీ చేసి ఇంకెక్కడో దాచుకోవలసిన అవసరం అప్పటి నుంచే మొదలైంది.

పెన్‌డ్రైవ్, మెమొరీ కార్డు: ఒకే జాతి

పెన్‌డ్రైవ్, మెమొరీ కార్డు చూడడానికి వేరైనా రెండూ ఒకే జాతివి. రెండింటిలోనూ 'ఫ్లాష్' అనే చిప్ ఉంటుంది. దీన్ని 1980లలో జపాన్‌లోని తోషిబా కంపెనీ ఇంజినీరు ఫుజియో మసువోకా రూపొందించారు. చిప్‌లో కంటికి కనిపించని కోట్లాది గదులుంటాయి. ఒక్కో గదిలో విద్యుదావేశాన్ని బంధించి ఉంచడమే అందులో రాయడమంటే. కరెంటు తీసేసినా ఆ ఆవేశం లోపలే నిలుస్తుంది. తిరిగే చక్రాలు, కదిలే ముళ్లు ఏవీ ఉండవు. అందుకే చొక్కా జేబులో వేసుకుని తిరిగినా, ట్రాక్టరు కుదుపులకు లోనైనా పాట ఆగదు.

ఎస్డీ కార్డు 1999లో వచ్చింది. పెన్‌డ్రైవ్ 2000లో మార్కెట్లోకి వచ్చింది. ఐబీఎం పేరుతో ఆ ఏడాది డిసెంబరులో అమ్మిన పెన్‌డ్రైవ్‌లో పట్టింది 8 ఎంబీ మాత్రమే. అయినా ఐదు ఫ్లాపీల పనిని అదొక్కటే చేసేది. పెన్‌డ్రైవ్‌ను గుచ్చే యూఎస్‌బీ రంధ్రం 1996లో రూపుదిద్దుకుంది. దాని రూపకల్పనలో ఇంటెల్ కంపెనీలో పనిచేసిన మన దేశస్థుడు అజయ్ భట్ ముఖ్యపాత్ర వహించడం గర్వించదగిన విషయం.

సెల్‌ఫోన్‌లో ఇంటర్నెట్ చౌక కానప్పుడు పల్లె యువకులు అంగడికి వెళ్లి మెమొరీ కార్డులో పాటలు ఎక్కించుకునేవారు. గుడి మైకుసెట్టుకు, ఆటోకు, ట్రాక్టరుకు, ఇంటి టీవీకి పెన్‌డ్రైవ్ నేటికీ అక్కరకు వస్తూనే ఉంది. ఒకచోటి నుంచి మరోచోటికి మోయడానికి దీన్ని మించినది లేదు.

అయితే ఇది మోసే సంచే గాని దాచే గాదె కాదు. కారణాలు మూడు. మొదటిది, చిప్‌లోని గదుల్లో రాసి చెరపడానికి ఒక హద్దు ఉంది. చవకరకం చిప్‌లు త్వరగా అరిగిపోతాయి. రెండవది, ఏళ్ల తరబడి వాడకుండా పక్కన పడేస్తే, ముఖ్యంగా వేడిలో, లోపలి ఆవేశం మెల్లగా జారిపోయే అవకాశముంది. మూడవది అన్నింటికన్నా మామూలుది. చిన్న వస్తువు గనుక పోతుంది. చొక్కాతో పాటు ఉతుకులో పడుతుంది, పిల్లల చేతికి చిక్కుతుంది, ఎవరో ఒకరు అడిగి తీసుకుని తిరిగివ్వరు. పైగా ఇది పాడయ్యే ముందు హెచ్చరిక ఉండదు. నిన్న పనిచేసినది నేడు కంప్యూటరుకు కనిపించనే కనిపించదు.

హార్డ్ డిస్క్: గాదె పెద్దది, గుండె సున్నితం

జేబు పుస్తకమంత ఉండే పోర్టబుల్ హార్డ్ డిస్క్ లోపల అద్దంలా మెరిసే పళ్లేలుంటాయి. నిమిషానికి 5,400 చుట్లు, అంటే సెకనుకు 90 చుట్లు తిరుగుతాయి. వాటిపై సూదిమొన వంటి ముల్లు ఒకటి అటూ ఇటూ కదులుతూ అయస్కాంత గుర్తులుగా రాస్తుంది, చదువుతుంది. పాత గ్రామఫోను పెట్టెను తలచుకుంటే కొంత అర్థమవుతుంది. కాకపోతే ఈ ముల్లు పళ్లేన్ని తాకదు. రెండింటి నడుమ ఉండే సందు వెంట్రుక మందంలో సుమారు పదివేలవ వంతు. తిరుగుతున్న సమయంలో డిస్క్ బల్ల మీది నుంచి పడితే ముల్లు పళ్లేన్ని గీరుతుంది. గీరిన చోటున్నది పోతుంది.

ఇంత సున్నితమైనా స్టూడియోలవారు దీన్నే ఎందుకు నమ్ముకుంటారంటే చోటు ఎక్కువ, ఖర్చు తక్కువ. 1 టీబీ, 2 టీబీ, 4 టీబీ డిస్క్‌లు మామూలుగా దొరుకుతున్నాయి. ఒక టీబీ అంటే వెయ్యి జీబీ. ఫొటో ఒక్కింటికి 4 ఎంబీ చొప్పున వేసుకుంటే రెండున్నర లక్షల ఫొటోలు పడతాయి. రెండు మూడు కెమెరాలతో తీసే పెళ్లికి వందల జీబీ అవుతుండగా, అన్ని పెళ్లిళ్లను పెన్‌డ్రైవ్‌లలో దాచడం అయ్యే పని కాదు. ఒక జీబీకి ఎంత పడిందని లెక్క కడితే పెద్ద సామర్థ్యంలో హార్డ్ డిస్కే అన్నింటికన్నా చౌక.

దీనికి మరో గుణం కూడా ఉంది. చెడిపోయే ముందు తరచు సంకేతమిస్తుంది. టక్ టక్ మని శబ్దం రావడం, ఫైళ్లు తెరుచుకోవడానికి మరీ ఆలస్యం కావడం, కాపీ మధ్యలో ఆగిపోవడం అటువంటి గుర్తులు. వెంటనే అవసరమైనవి వేరేచోటికి మార్చుకోవాలి. టక్ టక్ శబ్దం ఆగకుండా వస్తుంటే మాత్రం పదేపదే గుచ్చి చూడరాదు. ప్రతిసారీ లోపలి గీత పెరుగుతుంది. పోయిన ఫైళ్లను వెలికితీసే ప్రత్యేక ప్రయోగశాలలు బెంగళూరు వంటి నగరాల్లో ఉన్నాయి. ఖర్చు వేలల్లో ఉంటుంది, దొరుకుతాయన్న హామీ ఉండదు.

ప్రపంచం ఈ పెట్టెల మీద ఎంతగా ఆధారపడిందో 2011లో తెలిసివచ్చింది. ఆ ఏడాది చివర థాయ్‌లాండ్‌లో వరదలు వచ్చి హార్డ్ డిస్క్‌లు తయారుచేసే కర్మాగారాలు మునిగాయి. ప్రపంచమంతటా ధరలు పెరిగాయి. ఎక్కడో వాన పడితే మదనపల్లె మార్కెట్లో టమోటా ధర మారడం రైతులకు తెలిసినదే. ఇదీ అలాంటిదే.

కొత్తగా వచ్చిన ఎస్ఎస్‌డీ

ఈ రెండింటికీ నడుమ 'ఎస్ఎస్‌డీ' అనే మరో రకం వచ్చింది. చూడడానికి హార్డ్ డిస్క్ కన్నా చిన్నది. లోపల పళ్లేలు లేవు, ఉన్నది ఫ్లాష్ చిప్‌లే. కాని పెన్‌డ్రైవ్‌లోని చిప్‌ల కన్నా మేలురకం. వాటిని నడిపించే ఏర్పాటు కూడా మెరుగైనది. చేతి నుంచి జారి పడినా తట్టుకునే గుణం ఎక్కువ. వేగం చాలా ఎక్కువ. ధర కూడా అంతే. అదే సామర్థ్యం గల హార్డ్ డిస్క్ కన్నా ఎక్కువ పెట్టుకోవాలి. రోజూ కంప్యూటరుపై పని చేసేవారికి, కుప్పం నుంచి రైల్లో బెంగళూరుకు వెళ్లివచ్చే ఉద్యోగులకు, ఊరూరూ తిరిగే వీడియోగ్రాఫర్లకు ఇది అనుకూలం. ఏడాదికోసారి తీసి చూసే ఇంటి ఫొటోలకు ఇంత ఖర్చు అవసరం లేదు. పైగా ఇదీ ఫ్లాష్ జాతిదే గనుక ఏళ్ల తరబడి కరెంటు చూపకుండా బీరువాలో మూసి ఉంచడం మంచిది కాదు.

తూకం వేసి చూస్తే

ఒక పెళ్లి వీడియో 100 జీబీ ఉందనుకుందాం. దాన్ని చవకరకం పెన్‌డ్రైవ్‌లోకి సెకనుకు 10 ఎంబీ చొప్పున ఎక్కిస్తే రెండున్నర గంటలు దాటుతుంది. సెకనుకు 100 ఎంబీ చొప్పున రాసే పోర్టబుల్ హార్డ్ డిస్క్‌కు 17 నిమిషాలు. సెకనుకు 500 ఎంబీ రాసే ఎస్ఎస్‌డీకి మూడు నాలుగు నిమిషాలు చాలు. అయితే కంప్యూటరులోని రంధ్రం పాతరకానిదైతే హార్డ్ డిస్క్, ఎస్ఎస్‌డీ ఏది పెట్టినా గంటకు దగ్గర పడుతుంది. రంధ్రం లోపల నీలిరంగు ఉంటే సాధారణంగా అది వేగవంతమైన కొత్త రకమని గుర్తు.

టమోటా రైతు లెక్కలో చెప్పాలంటే పెన్‌డ్రైవ్ తోట నుంచి గట్టుకు మోసే బుట్ట. హార్డ్ డిస్క్ సరుకు నిలవ చేసే గోదాము. ఎస్ఎస్‌డీ వేగంగా పోయే వ్యాను. బుట్టలో నిలవ పెట్టరు, గోదామును నెత్తిన మోయరు. ఏ పనికి ఏది అన్నది తెలిస్తే డబ్బు ఆదా అవుతుంది.

కొన్నవారికి తరచు కలిగే అనుమానాలు రెండున్నాయి. 1 టీబీ అని కొన్న డిస్క్‌ను కంప్యూటరుకు పెడితే 931 జీబీ అనే కనిపిస్తుంది. ఇందులో మోసం లేదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, కంప్యూటరు 1,024 చొప్పున లెక్కిస్తుంది. తేడా అక్కడే వస్తుంది. రెండవది, పెన్‌డ్రైవ్‌లో 30 జీబీ ఖాళీ ఉన్నా 5 జీబీ వీడియో ఎక్కదు. ఇది 'ఫ్యాట్ 32' అనే పాత అమరిక వల్ల వచ్చే చిక్కు. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటరాదు. 'ఎక్స్‌ఫ్యాట్' అమరికలోకి మారిస్తే ఎక్కుతుంది. కాని అలా మార్చేటప్పుడు అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. ముందే వేరేచోటికి తీసిపెట్టుకోవాలి. కొన్ని పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవలేవన్నది కూడా గుర్తుంచుకోవాలి.

నకిలీ సరుకుతో జాగ్రత్త

విత్తనాల్లో నకిలీ ఉన్నట్టే ఇందులోనూ నకిలీ ఉంది. 1 టీబీ, 2 టీబీ అని ముద్ర వేసి కొన్ని వందల రూపాయలకే అమ్మే పెన్‌డ్రైవ్‌లు, మెమొరీ కార్డులు ఉన్నాయి. కంప్యూటరుకు పెడితే 2 టీబీ అనే చూపిస్తాయి. లోపలున్నది 32 జీబీయో 64 జీబీయో ఉంటుంది. కంప్యూటరుకు అబద్ధం చెప్పేలా చిప్‌ను మార్చి ఉంచుతారు. 64 జీబీ నిండేవరకు అంతా సవ్యంగానే ఉంటుంది. ఆ తర్వాత ఎక్కించినది ఎక్కినట్టే కనిపిస్తుంది గాని లోపల నిలవదు, లేదా ముందున్న దాని మీద పడి దాన్ని చెరిపేస్తుంది. ఫైళ్ల పేర్లు మాత్రం వరుసగా కనిపిస్తూనే ఉంటాయి. ఆరు నెలల తర్వాత తెరిస్తే గాని నష్టం బయటపడదు.

ధర చూసి మోసపోరాదు. పేరున్న కంపెనీ సరుకును బిల్లుతో, గ్యారంటీతో తీసుకోవాలి. కొన్న వెంటనే పరీక్షించడం మేలు. 'హెచ్2టెస్ట్‌డబ్ల్యూ' అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అది ఖాళీ డ్రైవ్‌ను పూర్తిగా నింపి, తిరిగి చదివి, ఎంత నిజమో ఎంత అబద్ధమో చెబుతుంది. దుకాణంలోనో, కంప్యూటరు తెలిసిన పిల్లల చేతనో ఈ పరీక్ష చేయించుకోవచ్చు.

నలుగురి చేతిలో తిరిగితే

జిరాక్సు దుకాణంలో ఆధార్ కార్డు నకలు తీయడానికి పెన్‌డ్రైవ్ ఇచ్చి, పని కాగానే తీసుకెళ్లడం పరిపాటి. ఆ పెన్‌డ్రైవ్ అంతకుముందు వంద డ్రైవ్‌లు తగిలిన కంప్యూటరుకు తగులుతుంది. వైరస్ ఇలాగే ఊరూరూ వ్యాపిస్తుంది. ఫైళ్లన్నీ మాయమై వాటి స్థానంలో వంకర బాణం గుర్తులు మిగలడం చాలామంది చూసినదే. ఫైళ్లు నిజంగా పోవు, వైరస్ వాటిని దాచేస్తుంది. కంగారుపడి ఫార్మాట్ చేయిస్తేనే పోతాయి. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్ ఇంటర్నెట్‌తో సంబంధం లేని ఇరాన్ అణుకేంద్రం యంత్రాలను సైతం దెబ్బతీసింది. అది యూఎస్‌బీ డ్రైవ్‌ల ద్వారా కూడా వ్యాపించే రకం.

కాబట్టి నలుగురి దగ్గర తిరిగే డ్రైవ్ వేరు, ఇంట్లో దాచుకునే డ్రైవ్ వేరుగా ఉండాలి. ప్రింటు తీయించుకోవడానికి ఆ ఒక్క కాగితం మాత్రమే ఉన్న చిన్న పెన్‌డ్రైవ్ చాలు. పట్టాలు, బ్యాంకు పుస్తకాలు, ఇంటిల్లిపాది ఆధార్ నకళ్లు అన్నీ ఉన్న డ్రైవ్‌ను కౌంటరు మీద పెట్టడమంటే బీరువా తాళాలు పరాయి చేతికి ఇచ్చినట్టే. దుకాణం కంప్యూటరులోకి నకలు దించి ఉంటే పని కాగానే దాన్ని చెరిపించడం మరువరాదు. డ్రైవ్ తీసేటప్పుడు కూడా 'ఎజెక్ట్' నొక్కి తీయాలి. కంప్యూటరు రాత పూర్తయిందని తెరపై చూపినా లోపల ఇంకా కొంత మిగిలి ఉండవచ్చు. అర్ధంతరంగా లాగితే ఫైలు సగంలో తెగుతుంది.

ఫోనులో ఉంది కదా అంటే

ఇదంతా ఎందుకు, అన్నీ ఫోనులోనే ఉన్నాయి, ఇంటర్నెట్‌లో భద్రంగా ఉంటాయి అనేవారూ ఉన్నారు. అందులో నిజం లేకపోలేదు. గూగుల్ ఖాతాలో 15 జీబీ వరకు ఉచితంగా దాచుకునే వీలుంది. ఇల్లు కాలినా, డిస్క్ పడినా అక్కడున్నది చెక్కుచెదరదు. కాని ఆ 15 జీబీలోనే ఈ-మెయిళ్లు, ఫొటోలు అన్నీ పడాలి. నిండితే డబ్బు కట్టాలి. పాస్‌వర్డు మరచినా, పాత సిమ్ నంబరు వదిలేసినా ఆ తలుపు తిరిగి తెరవడం కష్టం. ఇంటి యజమాని హఠాత్తుగా మరణిస్తే ఆయన ఫోను తాళం కూడా ఆయనతోనే పోయిన ఇళ్లుంటాయి. పాస్‌వర్డు ఇంట్లో నమ్మకమైన ఒకరికి తెలిసి ఉండాలి.

ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రాల విషయంలో 2015లో ప్రారంభమైన డిజిలాకర్ ఉపయోగకరం. అందులోకి ఆయా శాఖలు నేరుగా జారీచేసిన పత్రాలకు అసలు పత్రంతో సమానమైన విలువ ఉంటుంది. మనం ఫొటో తీసి అందులో పెట్టుకున్న కాగితానికి మాత్రం ఆ విలువ రాదు. క్రయపత్రాన్ని స్కాన్ చేసి డిస్క్‌లో దాచుకున్నంత మాత్రాన అది అసలు దస్తావేజు కాదు. అయినా దాని ప్రయోజనం దానికుంది. అసలు పత్రం పోయిన నాడు దస్తావేజు నంబరు, సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రారు కార్యాలయం అన్నవి తెలిస్తే ధ్రువీకరించిన నకలు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ వివరాలు తెలియక కార్యాలయాల చుట్టూ తిరిగే అవస్థ తప్పుతుంది. రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ 1998లో మొదలైంది. అంతకు ముందటి దస్తావేజులున్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మూడు, రెండు, ఒకటి

పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. ముఖ్యమైన దేనికైనా మూడు ప్రతులుండాలి. అవి రెండు రకాల సాధనాల్లో ఉండాలి. అందులో ఒకటి వేరే ఊళ్లోనో, వేరే ఇంట్లోనో ఉండాలి.

దీని విలువ పెద్ద పెద్ద కంపెనీలకూ కష్టం వచ్చాకే తెలిసింది. అమెరికాలో పిక్సార్ సంస్థ 'టాయ్ స్టోరీ 2' బొమ్మల సినిమా తీస్తుండగా 1998లో ఒక పొరపాటు ఆదేశంతో కంప్యూటరులోని సినిమాలో అధిక భాగం చెరిగిపోయింది. కార్యాలయంలో దాచిన నకలును తెరిస్తే అదీ సరిగా లేదని తేలింది. చంటిబిడ్డ ఉన్నందువల్ల ఇంటి నుంచి పని చేస్తున్న గేలిన్ సస్మన్ అనే ఉద్యోగిని ఇంటి కంప్యూటరులో ఒక ప్రతి ఉండడంతో సినిమా దక్కింది. దాచామని అనుకోవడం వేరు, దాచినది తెరుచుకుంటుందో లేదో చూసుకోవడం వేరు.

పల్లె ఇంటికి ఈ సూత్రం భారమేమీ కాదు. ఫోనులో ఉన్నది ఒక ప్రతి. మధ్యరకం పోర్టబుల్ హార్డ్ డిస్క్ ఒకటి కొని, ఫొటోలు, స్కాన్ చేసిన కాగితాలు అందులోకి దించి బీరువాలో పెడితే రెండోది. మరీ ముఖ్యమైనవి, అంటే భూమి కాగితాలు, చదువు పత్రాలు, పెద్దల ఫొటోలు మంచిరకం పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి అత్తగారింట్లోనో, అన్నదమ్ముల ఇంట్లోనో ఉంచితే మూడోది. ఆ పెన్‌డ్రైవ్‌కు పాస్‌వర్డు పెట్టించుకుంటే మరీ మంచిది. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములున్న ఇంట్లో ఒకరి డిస్క్‌లో మరొకరివి కూడా ఉంచుకుంటే ఖర్చు కలిసివస్తుంది.

పెళ్లి వీడియో విషయంలోనూ అంతే. స్టూడియోవారి దగ్గర ఎప్పటికీ ఉంటుందని అనుకోరాదు. ప్రతి ముహూర్తాల సీజనుకూ కొత్త పెళ్లిళ్లు వచ్చి చేరుతుంటాయి, పాతవి చెరపక తప్పదు. ఎన్నాళ్లు ఉంచుతారో బయానా ఇచ్చే రోజే మాట్లాడుకోవాలి. పెన్‌డ్రైవ్ చేతికి రాగానే ఆ వారంలోనే మరోచోటికి ఎక్కించుకోవాలి.

సంక్రాంతికి ఇల్లు దులిపి సున్నం కొట్టే అలవాటు ఎలాగూ ఉంది. ఆ రోజుల్లోనే డిస్క్ తీసి కంప్యూటరుకు పెట్టి, నాలుగు ఫైళ్లు తెరిచి చూసి, ఆ ఏటి ఫొటోలు కొత్తగా ఎక్కించుకుంటే సరిపోతుంది. డిస్క్‌ను మెత్తటి గుడ్డలో చుట్టి, ఎండ తగలని, తేమ లేని చోట పెట్టాలి. కొన్న సంవత్సరాన్ని దానిపై కాగితం అంటించి రాసుకోవాలి. అయిదేళ్లు దాటితే అందులోనివి కొత్త డిస్క్‌లోకి మార్చుకోవడం శ్రేయస్కరం. అది ఆగిపోయాక పరుగెత్తడం కన్నా, నడుస్తుండగానే మార్చుకుంటే ఖర్చు ఒక డిస్క్ ధరతో పోతుంది.